బార్ ఉన్న హోటల్లో భోజనం: కొన్ని ప్రశ్నలు

(జి.కొండూరులో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నన్ను మాట్లాడమన్న విషయం "బహిరంగ స్థలాలు - స్త్రీల హక్కులు". కాగితాల మీద కొంత రాసుకొచ్చాను. కానీ పొద్దున టీ తాగేటప్పుడు ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న విన్నాక ఆ కాగితాలు సంచిలోనే ఉంచేశాను. "మేడమ్, మమ్మల్నేమో ఊళ్లో బెల్టు షాపులు మూయించమంటారు. మీరేమో హైదరాబాదులో బార్ ఉన్న హోటల్లో భోంచేసి వచ్చారంట. అదెట్లా కుదురుద్ది?" అని అడిగింది. వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆమెకు ఈ సంగతి చెప్పిన పెద్దక్క ఇప్పుడు మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నారు. ఆ రోజు ఆమే నా పక్కన ఉన్నారు. అందుకని ఆమె అనుమతి తీసుకుని, జరిగింది జరిగినట్టు చెప్పి, అందులో నుంచి మనకు వచ్చే ప్రశ్నలు మీ ముందు పెడతాను.

పోయిన నెల ఒక సదస్సు కోసం మేమిద్దరం హైదరాబాదు వెళ్లాం. సాయంత్రం సదస్సు అయిపోయాక అక్కడ లాయరుగా పనిచేసే స్నేహితురాలు, కొత్తగా తెరిచిన వియత్నాం రెస్టారెంటుకు భోజనానికి తీసుకెళ్లింది. వియత్నాం అనగానే పెద్దక్క ముఖం విప్పారింది. "అమెరికాని ఓడించిన దేశం కదమ్మా! మా నాన్న మీటింగుల్లో ఆ దేశం పేరు ఎత్తకుండా మాట్లాడేవాడు కాదు" అన్నారు. కృష్ణా జిల్లాలో ఆమె తరం వాళ్లకు ఆ పేరు వంటకాల పేరు కాదు. 1973లో పారిస్ శాంతి ఒప్పందం మీద సంతకాలు చేసిన నలుగురిలో న్గుయెన్ థి బిన్ అనే స్త్రీ ఉందనీ, తరవాత ఆమె ఆ దేశానికి ఉపాధ్యక్షురాలు కూడా అయిందనీ నేను దారిలో చెప్పాను.

తీరా గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి పెద్దక్క ఆగిపోయారు. హోటలు పేరు కింద "బార్" అని ఎర్ర దీపాలతో రాసి ఉంది. "నేను లోపలికి రానమ్మా. మీరు తినిరండి. ముప్పై ఏళ్ల కింద ఇట్టాంటి బోర్డులు పీకినదాన్ని, ఇప్పుడు దాని కిందగా ఎట్టా పోను?" అన్నారు.

ఆ మాటను మనం తేలిగ్గా తీసుకోకూడదు. అది చాదస్తమూ కాదు, పల్లెటూరి బెదురూ కాదు. ఒక ఉద్యమ చరిత్ర ఆ మెట్ల మీద నిలబడి మాట్లాడింది. ఈ సభలో చిన్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ చరిత్రను క్లుప్తంగా గుర్తు చేస్తాను.

1980లలో మన రాష్ట్రంలో ప్రభుత్వమే "వారుణి వాహిని" పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చింది. కూలిడబ్బులు ఇల్లు చేరకముందే దుకాణానికి చేరేవి. నెల్లూరు జిల్లాలో 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు, తమ జీవితాల గురించే ఉన్న పాఠాలు చదివి, చర్చించుకుని, లేచి నిలబడ్డారు. 1992లో దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. అది ఊరి నుంచి ఊరికి పాకింది. నెల్లూరులో సారా పాటలు జరగనివ్వకుండా వేలమంది ఆడవాళ్లు అడ్డుపడ్డారు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. సారా మీద నిషేధం మిగిలింది గానీ, సీసాలు తిరిగి వచ్చాయి. సీసాల వెంట బెల్టు షాపులూ వచ్చాయి.

ఆ తరవాత విధానాలు ఎన్ని మారినా ఖజానా దారి మారలేదు. 2019 అక్టోబరులో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలను లాటరీ తీసి మళ్లీ ప్రైవేటు వాళ్లకు ఇచ్చింది. ఒక్కొక్క దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము 2 లక్షల రూపాయలు. 99 రూపాయలకే క్వార్టర్ సీసా అన్నది ఒక వాగ్దానంగా ప్రచారమైంది. ఆ మరుసటి సంవత్సరమే, 2025 అక్టోబరులో, మన పక్కనే ఇబ్రహీంపట్నంలో నకిలీ మద్యం తయారుచేసే చోటు బయటపడింది. అంటే పెద్దక్క ఆ గుమ్మం దగ్గర ఆగింది ముప్పై ఏళ్ల నాటి జ్ఞాపకంతో మాత్రమే కాదు.

కానీ ఒక్క విషయం జాగ్రత్తగా చూడండి. 1992లో ఆడవాళ్లు ఏమన్నారు? తాగడం పాపమని ప్రవచనాలు చెప్పలేదు. కూలి డబ్బు ఏమవుతోంది, పిల్లల కంచంలో ఏముంది, రాత్రి మా ఒంటి మీద పడే దెబ్బలకు ఎవరు బాధ్యులు, మంచినీళ్లు రాని ఊరికి సారా ఎట్లా వస్తోంది అని అడిగారు. వాళ్లు అడ్డుకున్నది సారా పాటను. ప్రభుత్వమూ కాంట్రాక్టరూ కలిసి తమ బతుకుల్ని వేలం వేసే చోటును. తరవాత కాలంలో ఈ పోరాటాన్ని "మంచి ఇల్లాళ్ల నీతి పోరాటం"గా కుదించి పాఠ్యపుస్తకాల్లో పెట్టుకున్నారు. ఆ కుదింపును మనమూ కొంత నమ్మాం. "బార్ దగ్గర కనపడిన ఆడది" అనగానే మన నోటి నుంచి కూడా ఒక మాట జారుతోంది. ఇది ఆత్మవిమర్శగానే చెబుతున్నాను.

మళ్లీ హోటలు దగ్గరికి వద్దాం. మెట్ల మీద పది నిమిషాలు మాట్లాడుకున్నాం. చివరికి పెద్దక్క, "లోపల అన్నం దొరుకుద్దా?" అని అడిగి, దొరుకుతుందంటే లోపలికి వచ్చారు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి మా ముగ్గురినీ చూసి, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసి, "మీతో జెంట్స్ ఎవరూ లేరా మేడమ్?" అన్నాడు. లేరంటే, కిటికీ పక్కన రెండు బల్లలు ఖాళీగా ఉన్నా, "ఫ్యామిలీకి ఇటువైపు" అని వంటగది తలుపు పక్కన మూలబల్ల చూపించాడు. మా ముగ్గురిలో ఎవరికీ ఎవరం ఫ్యామిలీ కాదు. మా స్నేహితురాలు లాయరు కాబట్టి నవ్వుతూనే గట్టిగా మాట్లాడి కిటికీ పక్కన కూర్చోబెట్టించింది.

ఇది చిన్న విషయమేనా? రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం తీసి చూడండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు కారణంగా ఏ పౌరునికీ దుకాణాల్లో, హోటళ్లలో, రెస్టారెంట్లలో, వినోద స్థలాల్లో ప్రవేశానికి అడ్డు ఉండకూడదని స్పష్టంగా రాసి ఉంది. అంత పెద్ద పత్రంలో హోటలు అనే మాట ఎందుకు వచ్చింది? ఈ దేశంలో హోటలు బల్ల ఎప్పుడూ ఉత్త బల్ల కాదు గనక. మన పల్లెల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎట్లా సాగిందో ఇక్కడున్న దళిత అక్కచెల్లెళ్లకు నేను చెప్పనక్కరలేదు. గ్లాసు వేరు పెట్టి కులాన్ని నిలబెట్టారు. పరదా కట్టి, "ఫ్యామిలీ రూము" అని పేరుపెట్టి ఆడదాని చోటును నిర్ణయించారు. దళిత స్త్రీకి ఈ రెండూ కలిసి వచ్చాయి. ఆమెకు గ్లాసూ వేరే, కూర్చునే చోటూ లేదు. మన ఊళ్ల సంగతే చూడండి. మగవాళ్లు పొద్దున్నే హోటల్లో కూర్చుని ఇడ్లీ తిని, పేపరు చదివి, ఊరి రాజకీయాలు తేల్చి ఇంటికొస్తారు. ఆడవాళ్లకు అదే ఇడ్లీ పార్సిల్ వస్తుంది. పార్సిల్లో రుచి వస్తుంది గానీ, ఊరి గురించి మాట్లాడే చోటు రాదు.

ఇది మన ఒక్క దేశపు సంగతి కూడా కాదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 1965లో మెర్ల్ థార్న్టన్, రోజలీ బోగ్నర్ అనే ఇద్దరు స్త్రీలు, ఆడవాళ్లకు మద్యం అందివ్వని బార్‌లో గొలుసులతో తమను తాము కట్టేసుకుని నిరసన తెలిపారు. లండన్‌లో పత్రికల వాళ్లూ లాయర్లూ చేరే ఒక ప్రసిద్ధ బార్‌లో ఆడవాళ్లు కౌంటరు దగ్గర నిలబడకూడదు, వెనక గదిలో కూర్చుంటేనే ఇస్తామనేవాళ్లు. 1982లో అక్కడి కోర్టు అది వివక్షేనని తీర్పు చెప్పింది. ఆ కేసులో తేలింది తాగే హక్కు కాదు. వార్తలూ పరిచయాలూ పనులూ చేతులు మారే చోటు నుంచి ఆడవాళ్లను తప్పించడం అన్యాయమని తేలింది. మన పొరుగున శ్రీలంకలో 2018 జనవరిలో, ఆడవాళ్లు మద్యం కొనకూడదన్న పాత నిషేధాన్ని ప్రభుత్వం ఎత్తేసింది. కొద్ది రోజుల్లోనే అధ్యక్షుడు మళ్లీ పెట్టించాడు. అక్కడ మగవాళ్లు కొనడం మీద ఏ చర్చా జరగలేదన్నది గమనించండి.

సరే, భోజనం సంగతి. ఎముకలు గంటల తరబడి మరగబెట్టిన చారులో బియ్యప్పిండి సేమ్యా వేసి, పైన పచ్చి ఆకులు తుంచి వేసి తెచ్చారు. ఫో అంటారు దాన్ని. తరవాత అద్దంలాంటి పలుచని బియ్యపు రేకులో రొయ్యలూ ఆకుకూరలూ చుట్టి తెచ్చారు. పెద్దక్క ఒకటి చేతిలోకి తీసుకుని దీపానికి ఎదురుగా పెట్టి చూసి, "ఇది మన పూతరేకే కదమ్మా! బెల్లం బదులు ఆకులు చుట్టారు" అన్నారు. నిజమే. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పిండి గుడ్డతో పూతరేకు తీసేది ఆడవాళ్లే. వియత్నాం పల్లెల్లో ఆవిరి మీద బిగించిన బట్టపై పిండి పరిచి ఆ రేకులు తీసే పనిలోనూ ఎక్కువగా ఆడవాళ్లే కనపడతారు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొయ్యి ముందు కూర్చునే ఆడమనిషి కూలికి ఆ గుర్తింపు ఎంత కలిపిందో మనం అడగాల్సిన ప్రశ్నే.

పచ్చిమామిడి తురుము సలాడు కూడా తెచ్చారు. దాని ధర చూసి పెద్దక్క కార్డు మూసేశారు. మన మైలవరం వైపు మామిడి తోటల్లో ఒక ఆడమనిషి రోజంతా పనిచేస్తే వచ్చే కూలి కంటే అది ఎక్కువ. రెస్టారెంటులో సమాన ప్రవేశం గురించి మాట్లాడే మనం ఈ ధర దగ్గర ఆగి ఆలోచించాలి. పరదా తీసేసినా ధర అనే పరదా ఉంటుంది. దాన్ని రాజ్యాంగంలో ఒక్క వాక్యం తీసెయ్యలేదు.

దాచిపెట్టకుండా ఇంకో మాట. మా స్నేహితురాలు ఒక గ్లాసు బీరు తెప్పించుకుంది. నేనూ పెద్దక్కా నిమ్మరసం తాగాం. పెద్దక్క కాసేపు ఆ గ్లాసు వంక చూసి, "చేదుగా ఉండదా అమ్మాయ్?" అని అడిగారు. "ఉంటుందమ్మా" అంది ఆమె. అంతే. దాని మీద మా మధ్య ఉపన్యాసాలేమీ జరగలేదు. ఆ గ్లాసు వల్ల ఎవరి ఇంట్లో పొయ్యి ఆరలేదు, ఎవరి మీదా చెయ్యి లేవలేదు. అలాగని ఆ గ్లాసే స్వేచ్ఛ అని కూడా మేం అనుకోలేదు. ఇవాళ మద్యం వ్యాపారానికి ఆడవాళ్లు కొత్త ఖాతాదారులు. "ఆధునిక స్త్రీ" బొమ్మ పెట్టి వాళ్లు అమ్మేది సీసానే గాని హక్కును కాదు. ఈ తేడా మనం పట్టుకోకపోతే, ఒక పక్క నీతి బోధకులూ ఇంకో పక్క సీసాల వ్యాపారులూ మన తరఫున మాట్లాడేస్తారు.

ఆ రాత్రి మాకు అసలు పాఠం చెప్పింది వేరే మనిషి. మాకు వడ్డించిన అమ్మాయికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చింది. ఆమెకు వియత్నాం తరహా పొడుగు గౌను తొడిగించారు. పక్క బల్ల మగవాళ్లు ఆమెను "చైనా" అని పిలుస్తున్నారు. గ్లాసు అందుకునేటప్పుడు కావాలని చెయ్యి తాకిస్తున్నారు. ఆమె నవ్వు చెదరనివ్వకుండా చెయ్యి వెనక్కి తీసుకుంటోంది. పెద్దక్క అంతా చూస్తూనే ఉన్నారు. ఆమె మా దగ్గరికి వచ్చినప్పుడు, "ఎప్పుడు తిన్నావమ్మా? ఇంటికెట్టా పోతావు?" అని అడిగారు. నేను హిందీలో చెప్పాను. మూడింటికి తిన్నాననీ, మళ్లీ అంతా అయ్యాక తింటాననీ చెప్పింది. హోటలు మూశాక సర్దేసరికి ఒంటిగంట అవుతుందట. బండి ఏర్పాటు లేదు. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కలిసి హాస్టలుకు నడుచుకుంటూ పోతారట. మేనేజరు చూస్తున్నాడని ఆ మాటలు కూడా ఖాళీ ప్లేట్లు తీస్తూనే చెప్పింది.

బయటికొచ్చాక పెద్దక్క చాలాసేపు మాట్లాడలేదు. ఆటో ఎక్కాక, "బోర్డు చూసి నేను ఆగిపోయాను గానీ, ఆ పిల్లకు ఆగే వీలు లేదు కదమ్మా" అన్నారు.

చెల్లెలు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది. బార్ ఉన్న హోటలుకు ఆడవాళ్లు వెళ్లవచ్చా లేదా అని మనం వాదించుకుంటూ ఉండగానే ఆడవాళ్లు ఎప్పుడో అక్కడ ఉన్నారు. వడ్డిస్తున్నారు, కూరగాయలు తరుగుతున్నారు, అంట్లు తోముతున్నారు, మరుగుదొడ్లు కడుగుతున్నారు. మనం చూపు తిప్పుకుంటే వాళ్లే ఒంటరివాళ్లవుతారు.

"అయితే ఆడవాళ్లను ఆ పనుల్లోకి రానివ్వకుండా నిషేధిస్తే సరి" అనేవాళ్లుంటారు. ఇదీ పాత మాటే. ఢిల్లీలో అప్పట్లో అమల్లో ఉన్న 1914 నాటి పంజాబ్ ఎక్సైజు చట్టం 30వ సెక్షన్, మద్యం తాగే చోట్ల స్త్రీలకు ఉద్యోగం ఇవ్వకూడదని చెప్పింది. అనుజ్ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో ఆ నిబంధన చెల్లదంది. భద్రత పేరుతో ఆడవాళ్ల ఉపాధిని తెంచడం కాదు, వాళ్లు పనిచేసే చోటును భద్రంగా ఉంచడమే ప్రభుత్వం బాధ్యత అన్నది ఆ తీర్పు సారాంశం. రక్షణ పేరుతో వచ్చే ప్రతి నిషేధాన్నీ ఈ ప్రశ్నతో పరీక్షించాలి: ఇది వేధించేవాణ్ణి ఆపుతోందా, వేధింపుకు గురయ్యేదాన్ని ఇంటికి పంపుతోందా?

తీర్పు వచ్చినంత మాత్రాన బండి రాలేదు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉన్న చోట జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. హోటళ్లలో పనిచేసే ఎంతమందికి ఆ కమిటీ ఉందని తెలుసు? మన రాష్ట్రంలో 2025లో స్త్రీల రాత్రి పనికి సంబంధించి చట్టాలు సవరించారు. సమ్మతి, భద్రత, రవాణా ఉండాలన్నారు. పని పోతుందన్న భయంలో ఇచ్చే సమ్మతి ఎంత సమ్మతో, యజమాని ఒప్పుకున్న బండి నిజంగా గేటు దగ్గరికి వస్తుందో లేదో చూడాల్సింది మనమే.

ఇదంతా హైదరాబాదు సంగతి అనుకోకండి. మన జి.కొండూరు 30వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం దాకా ఈ దారి పొడుగునా హోటళ్లు, దాబాలు, టిఫిన్ కొట్లు ఉన్నాయి. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో చెప్పింది. జనాభా 20,000 లోపు ఉన్న చోట దాన్ని 2017లో 220 మీటర్లకు తగ్గించింది. టేపు పట్టుకుని ఆ దూరం కొలవడానికి డాక్టరేటు అక్కరలేదు.

అందుకని ఈ సమావేశం ముగిసేలోగా మూడు పనులు ఒప్పుకుందామని నా ప్రతిపాదన. ఒకటి: ఈ దారిలో హోటళ్ల సర్వే. ఆడవాళ్లు కూర్చునే చోటు, తాళం వెయ్యని మరుగుదొడ్డి, అంట్లు తోమే ఆడమనిషి కూలీ, పనిగంటలు, రాత్రి ఇంటికెళ్లే దారి, గ్లాసుల్లో తేడా ఉందా అన్నవి రాసుకోవాలి. రెండు: బెల్టు షాపుల జాబితా తయారుచేసి గ్రామసభలో పెట్టి, తీర్మానం నకలు ఎక్సైజు అధికారులకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. మూడు: ప్రతి ఊరి నుంచి ఐదుగురం, నెలకోసారి, సెంటర్లో హోటలుకు వెళ్లి ముందు బల్లల దగ్గర కూర్చుని టీ తాగాలి. నవ్వకండి, మూడోదే అన్నిటికంటే కష్టం. మొదటి రెండూ మనకు అలవాటైన పోరాటాలు.

బెల్టు షాపు మూయించడానికీ, బార్ ఉన్న హోటల్లో కిటికీ పక్కన కూర్చోవడానికీ మధ్య విరోధం లేదని నేను అనుకుంటున్నాను. ఊరు ఎట్లా నడవాలో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో మనల్ని అడగకుండా నిర్ణయించేవాళ్లనే రెండుచోట్లా ఎదిరిస్తున్నాం. నా జవాబులో లోపం ఉంటే ఇప్పుడు చర్చలో చెప్పండి. ముందుగా మూడో వరసలోని పెద్దక్కను మాట్లాడమని కోరుతున్నాను. ఆ అమ్మాయి ఫోన్ నంబరు తీసుకున్నది ఆమే. మొన్న కూడా మాట్లాడారట. ఇంకా బండి రాలేదట.